పై సగం

వీధి చివర, మలుపు తిరిగాక ఇక దారి లేని చోట, తాళం వేసిన ఇల్లొకటి ఉండేది. చీకటి పడ్డాక దాని ఊసు ఎవరూ ఎత్తేవారు కారు. పగలు మాత్రం అందరూ ఎత్తేవారు, అదీ నవ్వుతూ. రంగులు మారే ఇల్లు అని దానికి పేరు.

మారేది గోడల రంగు కాదు. గోడలు పాపం ఎప్పుడూ ఒకే బూజు రంగులో ఉండేవి. మారేది లోపలి సామాను రంగు.

మొదట చూసింది పాలు పోసే మనిషట. పగిలిన కిటికీ అద్దంలోంచి అతనికి రోజూ ఒక బల్ల కనిపించేది. దాని కాళ్ళు గోధుమ రంగు. కొన్నాళ్ళకు అదే బల్ల, అదే చోటు... కాళ్ళు ఆకుపచ్చ. ఇంకొన్నాళ్ళకు ఎరుపు! వీధి తలుపుకున్న తాళమేమో తుప్పు పట్టి, దాని కన్నంలో సాలీడు కాపురం పెట్టి, కదలకుండా వేలాడుతూనే ఉంది.

తరవాత బట్టలు ఇస్త్రీ చేసే ఆయన విన్నాడు. సంధ్య వేళ అటుగా పోతుంటే లోపలినుంచి — గర్... గర్... గర్... ఎవరో పళ్ళు నూరుతున్నట్టు. ఆగితే ఆగుతుంది. కదిలితే మళ్ళీ మొదలవుతుంది.

బీమా ఏజెంటుకు ఇవేవీ తెలియవు. ఇంట్లో ఎవరో ఉన్నారనుకుని తలుపు తట్టాడు. లోపలినుంచి గుప్పున పచ్చి రంగు వాసన వచ్చింది. ఆపైన ఒక్కటే మాట — "హూఁ..." అతను వదిలి పారిపోయిన సంచీ మర్నాటి దాకా ఆ గుమ్మంలోనే పడి ఉంది. దెయ్యం చేత పాలసీ కట్టించబోయినవాడని అతనికి శాశ్వతంగా పేరు పడిపోయింది.

ఆ ఇంట్లో ఒకప్పుడు ఒంటరిగా ఉండిన ఆవిడ చాలా పొడుగు. అటక మీది డబ్బా కావాలంటే ఇరుగుపొరుగు స్టూలు వెతుక్కోకుండా ఆవిడను కేకేసేవారు. అందుకే ఆవిడను అందరూ నిచ్చెనమ్మ అనేవారు. ఒకనాడు ఉన్నట్టుండి, నిద్రలోనే పోయింది. ఆవిడ పోయాకే ఈ రంగుల గోల మొదలైంది...

అటువంటి ఇంటి తాళంచెవి ఒక సాయంత్రం, అదే వీధిలో ఉండే ఒక కోడలి చేతికి వచ్చింది.

కోడలు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికించే చోట పని చేసేది. అక్కడ సాయంత్రం డ్యూటీకి వచ్చే నర్సులూ ఆయాలూ పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక కూడా తెచ్చుకునేవారు. ఒక పసిది ప్రతి సాయంత్రం మందుల ట్రాలీ పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, అమ్మ అటు పోతే అటూ ఇటు వస్తే ఇటూ తల తిప్పుతూ ఉండేది. ఆ తల తిరగడం చూసి చూసి కోడలు ఒక నిర్ణయానికి వచ్చింది. ఆసుపత్రి ఎదుటి గదిని అద్దెకు తీసుకుని ఈ పిల్లల్ని చూసుకుంటానని తల్లులకు మాట ఇచ్చేసింది.

మాట తేలిగ్గానే ఇచ్చింది. గది మాత్రం బోడిగా ఉంది. కూర్చోవడానికి పీట లేదు, బట్టలు పెట్టడానికి అర లేదు. సోమవారం పొద్దున పెద్ద నర్సమ్మ వచ్చి చూస్తుంది. ఆవిడ సరేనంటేనే తల్లులు పిల్లల్ని పంపుతారు. కాదంటే ఆ గది మందుల షాపువాడి గోడౌన్ అయిపోతుంది. అతను అప్పుడే టేపు తెచ్చి కొలతలు కూడా తీసుకుపోయాడు.

గది యజమాని నిచ్చెనమ్మకు చెల్లెలి కొడుకు. కోడలి అవస్థ చూసి జాలిపడ్డాడు.

"మా పెద్దమ్మ ఇల్లు పడగొట్టిస్తున్నానమ్మా. లోపలి సామాను కావాలంటే తీసుకో. ఆవిడ పోయాక వీధి తాళం తీసినవాడు లేడు. చెదలకు విందు పెట్టేకన్నా నీకిస్తే నయం."

ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగానే అత్తగారి ముఖం మాడిపోయింది.

అత్తగారు పొట్టి మనిషి, గుండ్రటి మనిషి. మోకాళ్ళ నొప్పులు. డాక్టరు నడవమన్నాడని రోజూ సాయంత్రం పెరటి తలుపున బయటికి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. వచ్చేసరికి ఒళ్ళంతా మోకాళ్ళ తైలం ఘాటు. ఆ ఘాటుకు కొడుకు తుమ్ములతో ఇల్లెగరగొట్టేవాడు.

"ఆ ఇంటి పుల్లముక్క కూడా బయటికి రావడానికి వీల్లేదు," అంది అత్తగారు.

"మనింటికి కాదత్తయ్యా. పిల్లల గదికి."

"పిల్లల గదికైతే మరీ వద్దు."

అంతే. గోడవైపు తిరిగి పడుకుంది.

కోడలికి మనసు చివుక్కుమంది. ఈవిడకు నేను గది పెట్టడమే ఇష్టం లేదు కాబోలు అనుకుంది. ఆడపడుచును వంటింట్లోకి లాగింది.

"రేపు సాయంత్రం వస్తావా నాతో?"

"దెయ్యాల కొంపకా? నేనా? చచ్చినా రాను వదినా," అంది ఆడపడుచు. మళ్ళీ ఒక్క క్షణం ఆగి, "అద్దమున్న డ్రెస్సింగ్ టేబుల్ ఉందంటావా అక్కడ?" అని అడిగింది.

శనివారం డ్యూటీ దిగేసరికే పొద్దు వాలింది. ఇద్దరూ వెళ్ళారు. వెనక తోపుడు బండి అతను. అతను గేటు దాకా వచ్చి, ఇక ఒక్క అడుగు కూడా వేయనన్నాడు.

సాలీడును బతిమాలి పంపించి, నూనె చుక్కలు పోసి, ఎంతో సేపు తిప్పితే తాళం ఊడి వచ్చింది. తలుపు... మూలిగింది.

లోపల చీకటి. ఫోను వెలుగు వేశారు.

మొదట ముక్కుకు తగిలింది వాసన. ఏళ్ళ తరబడి మూసిన ఇంటి ముక్కిన వాసన కాదు. పచ్చి రంగు. నిన్నో మొన్నో వేసిన రంగు...

"వదినా..." అని ఆడపడుచు గుసగుసలాడింది. "ఈ కుర్చీల కాళ్ళు చూడు."

కుర్చీలకు కాళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూర్చునే పలక కూడా ఎరుపే. ఆ పైన వీపు ఆనించే చెక్కకు మాత్రం రంగే లేదు, వట్టి బోడి. పక్కన బల్లకు కాళ్ళు ఆకుపచ్చ, పైది బోడి. పాత మంచం తలాపి పలకను ఎవరో అరుగుబల్లగా మలిచారు. దాని కింది సగం నారింజ, పై సగం బోడి. ఇంటినిండా సగం సగమే! ఎవరో నడుము దాకా రంగు నీళ్ళు నింపి, అన్నిటినీ ముంచి తీసినట్టు.

"పొట్టి దెయ్యం కాబోలు," అంది ఆడపడుచు. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

కోడలు వంగి బల్ల కాలు ముట్టుకుంది. వేలు అంటుకుంది. వెలుగులో పెట్టి చూస్తే — ఆకుపచ్చ.

తడి!

వీధి తాళం తీసినవాడు లేడు... లోపల రంగు ఆరలేదు.

అప్పుడే ఆడపడుచు చేతిలోని వెలుగు మూల మీద పడింది. మూలన తెల్లటి ముసుగు వేసుకుని, పొడుగ్గా, ఇంటి దూలం అందుకునేంత పొడుగ్గా... నిలబడి ఉంది.

ఆడపడుచు కెవ్వున అరిచి వాకిట్లోకి దూకింది. అంత భయంలోనూ చేతికందిన కుర్చీని వదల్లేదు.

కోడలి కాళ్ళు మాత్రం కదలలేదు. అది ధైర్యం కాదు. ఆమె కళ్ళ ముందు మందుల ట్రాలీ పక్కన తిరిగే ఆ చిన్న తల మెదిలింది. మెల్లిగా వెళ్ళి ముసుగు కొస పట్టి లాగింది.

చెక్క బీరువా. నిలువెత్తు, నాలుగు తలుపులు, కింద రెండు పైన రెండు. పాత మైనం పాలిష్ తప్ప దానికి ఒక్క రంగు చుక్క లేదు. పిల్లల బట్టలూ బొమ్మలూ పాలడబ్బాలూ అన్నీ దానిలో పట్టేస్తాయి.

"ఇది కావాలి," అంది కోడలు.

తోపుడు బండి అతన్ని ఒప్పించడం ఒక యజ్ఞమైంది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని లోపలికి వచ్చాడు. నేను చూడకపోతే అది నన్ను చూడదని అతని లెక్క. అలా కళ్ళు మూసుకునే బీరువాను గుమ్మానికి రెండు వైపులా గుద్ది, బండెక్కించి, గదిలో దించి, అప్పుడు కళ్ళు తెరిచి, "ఇది చాలా బరువండీ," అన్నాడు.

మిగతా సామానూ ఆ రాత్రే అలాగే గదికి చేరింది. ఆదివారం పొద్దున్నే పని మొదలైంది.

రంగుల షాపులో ఎవరో కలిపించుకుని నచ్చక వదిలేసిన పసుపు డబ్బా ఒకటి అగ్గువకు దొరికింది. మరీ పసుపూ కాదు, మీగడా కాదు, అదొక రకం. "ఈ రంగు మళ్ళీ కలపమన్నా నా వల్ల కాదమ్మా, పొరపాటున కుదిరింది," అన్నాడు షాపాయన. కోడలి దగ్గరున్న రంగల్లా అదొక్కటే.

విరిగిన డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులు లాగి, అడుగున చక్రాలు కొడితే బొమ్మల పెట్టెలయ్యాయి. దాని అద్దం ఆడపడుచు తనదేనని ముందే ప్రకటించింది. మెట్లు విరిగిన నిచ్చెనను గోడకు అడ్డంగా బిగిస్తే పిల్లల సంచులకు కొక్కేలు వచ్చాయి. సగం రంగు కుర్చీల కాళ్ళు పిల్లల ఎత్తుకు కోసి, రంగు మాత్రం అలాగే ఉంచేశారు. ఎర్ర మేజోళ్ళు తొడుక్కుని నిలబడ్డ పిల్లల్లా ముద్దుగానే ఉన్నాయి.

పాత తలుపు రెక్కను నాలుగు గుంజల మీద పడుకోబెట్టి బల్ల చేశారు. దానికి కోడలు పసుపు వేసింది. సగం వేశాక ఆకలేసి అన్నం తినడానికి వెళ్ళి, వచ్చి మిగతా సగం వేసింది. డబ్బా అదే, బ్రష్షు అదే, చెయ్యి అదే. అయినా సరిగ్గా నడిమధ్యన ఒక గీత లేచి నిలబడింది.

"రెండు దేశాల సరిహద్దు," అంది ఆడపడుచు. "ఇటు కూర్చున్న పిల్లలు అటు పోవాలంటే పాస్‌పోర్టు చూపించాలి."

చివరికి మిగిలింది బీరువా. పొద్దు వాలిపోతోంది. కోడలు తొందరలో ఉప్పు కాగితం కూడా పట్టించకుండా, మైనం మీదే పసుపు దట్టించింది. కింది తలుపులు పూర్తయ్యేలోగా ముందు వేసిన రంగు పాలమీద మీగడలా ముడతలు పడింది. తరవాత జారింది. వేలితో తాకితే తొక్కలా ఊడి వచ్చింది.

కోడలు బ్రష్షు పక్కన పెట్టి నేల మీద కూర్చుండిపోయింది. గదిలో అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించేది ఆ బీరువాయే. రేపు పెద్ద నర్సమ్మ కళ్ళు ముందు దాని మీదే పడతాయి. చర్మం ఊడిన రోగిలా ఉంది అది.

"పోదాం పద వదినా. పొద్దున్నే వచ్చి ఏదో దుప్పటి కప్పేద్దాం," అంది ఆడపడుచు.

తాళం వేసి ఇంటికి వెళ్ళారు. అత్తగారు ఇంట్లో లేదు. నడకకు వెళ్ళింది కాబోలు.

ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే కోడలికి గుర్తొచ్చింది. రంగు డబ్బాకు మూత పెట్టలేదు! తెల్లారేసరికి పైన పెచ్చు కట్టేస్తుంది. ఆ రంగు మళ్ళీ దొరకదు. చెయ్యి కడుక్కుని లేచింది. ఆడపడుచు కూడా సణుగుతూ వెంట వచ్చింది.

అప్పుడే వీధిలో కరెంటు పోయింది. ఆసుపత్రి జనరేటరు మాత్రం దూరంగా మూలుగుతోంది. గది ముందుకొచ్చి కోడలు తాళంచెవి తీసింది...

తాళం లేదు.

లోపలినుంచి — గర్... గర్... గర్...

ఇద్దరూ నిలువునా బిగుసుకుపోయారు. శబ్దం ఆగింది. వాళ్ళు ఊపిరి పీల్చారు. మళ్ళీ — గర్... గర్...

"దాని బీరువా తెచ్చేశాం కదా..." ఆడపడుచు వదిన చెయ్యి పట్టుకుంది. "అదీ వెంట వచ్చేసింది."

తలుపు సందులోంచి కోడలు చూసింది. లోపల గుడ్డి దీపం. బీరువా ముందు తెల్లటి ఆకారం. తలా ముఖమూ కలిపి చుట్టుకున్న గుడ్డ. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నేలనుంచి నడుమెత్తు దాకానే మనిషి ఉంది... ఆ పైన లేదు. సగం మనిషి! చేతులు మాత్రం పైకీ కిందికీ, పైకీ కిందికీ...

అంతలో ఆ సగం మనిషి తుమ్మింది.

ఆ తుమ్ము ఇద్దరికీ బాగా తెలిసినదే.

"అమ్మా?" అంది ఆడపడుచు.

"తలుపు వెయ్యండే, దుమ్ము!" అంది దెయ్యం.

కూర్చున్న పీట మీదనుంచి లేవకుండానే అత్తగారు ముఖానికి చుట్టిన గుడ్డ విప్పింది. ఒళ్ళో ఉప్పు కాగితం. పక్కన టర్పెంటైన్ సీసా. గదంతా మోకాళ్ళ తైలం వాసనే! ఇన్నాళ్ళూ ఆ తైలం ఏమిటో కోడలికి అప్పుడు తెలిసింది. నడక ఎక్కడిదాకానో కూడా తెలిసింది.

"మైనం మీద రంగు నిలుస్తుందటే అమ్మాయ్?" అత్తగారు కోడలినే గద్దించింది. "ముందు టర్పెంటైన్‌తో తుడవాలి. తరవాత గీకాలి. చెప్పకపోతే తెలీదు సరే, అడిగితే ఏం పోయింది?"

"మిమ్మల్నా? అసలా సామానే వద్దన్నారు కదత్తయ్యా మీరు!"

అత్తగారు ఒళ్ళోని ఉప్పు కాగితాన్ని మడత పెట్టింది.

"ఆ నిచ్చెనమ్మా నేనూ పాత సామాను బాగుచేసేవాళ్ళం," అంది. "మావాడికి రంగు వాసన పడదు కదా, అందుకని వాళ్ళింట్లోనే. అది పొడుగు, నేను పొట్టి. పై సగం దానిది, కింది సగం నాది. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టి మధ్యలో కలుసుకోవాలి. తడి మీద తడి కలిస్తే అతుకు తెలీదు. ఆరాక కలిపితే అదుగో, నీ బల్ల మీద పడ్డట్టు గీత పడుతుంది. మా చేతుల్లో ఏనాడూ గీత పడలేదు."

"ఆవిడ పోయాక..."

"పెరటి తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. చెయ్యి ఊరుకోదు. వెళ్ళి నా సగం వేసుకుంటాను. ఆరితే మళ్ళీ గీకి, ఇంకో రంగు వేసుకుంటాను. దాని సగం జోలికి మాత్రం పోలేదు."

"ఆ బీమా ఏజెంటును 'హూఁ' అన్నది నువ్వేనా?" అంది ఆడపడుచు.

"పని మధ్యలో తలుపు తడితే ఏమనమంటావు? రండి కూర్చోండి అనాలా?"

ఆడపడుచు నేల మీద దొర్లి దొర్లి నవ్వింది. కోడలు నవ్వలేదు. ఆమె చూపు బీరువా మీదే ఉంది.

"దీనికి మాత్రం ఏ రంగూ వెయ్యలేదేం అత్తయ్యా?"

"దీని దగ్గరే పోట్లాడుకున్నాం," అంది అత్తగారు. గొంతు తగ్గిపోయింది. "నేను పసుపన్నాను. అది నీలమంది. ఎంతకీ తెగలేదు. 'నీ కింద నువ్వు పసుపేసుకో, నా పైన నేను నీలమేసుకుంటాను, గీత పడితే పడనీ' అంది. నాకు ఒళ్ళు మండింది. 'నీతో చచ్చినా కలిసి పని చెయ్యను' అని విసవిసా వచ్చేశాను. ఆ రాత్రే..."

దీపం చుట్టూ ఒక పురుగు తిరుగుతోంది. అత్తగారు దాన్ని చేత్తో తోలింది.

"అందుకే తేవద్దన్నాను. నీ గది మీద నాకేం కోపమే పిచ్చిదానా? ఈ బీరువా ముఖం చూడలేక."

తరవాత ముగ్గురూ పనిలో దిగారు. ఆడపడుచు స్టూలెక్కి పై తలుపులు గీకింది, కోడలు పక్కలు గీకింది, అత్తగారు కింద. గీకిన పొడి తడిగుడ్డతో తుడిచారు. అది ఆరాక అత్తగారు బ్రష్షు ముంచి కింది తలుపుల మీద రంగు లాగుతుంటే కోడలు అలాగే చూస్తూ నిలబడిపోయింది. ముడత లేదు, కారడం లేదు. పాలరాయి మీద వెలుగు పాకినట్టు పాకింది పసుపు.

నడుమెత్తు దాకా వచ్చి అత్తగారు ఆగింది.

"పై సగం నేను వేస్తానత్తయ్యా," అని కోడలు బ్రష్షు కోసం చెయ్యి చాచింది.

"వద్దు."

"రేపు పెద్ద నర్సమ్మ..."

"వద్దమ్మాయ్. పైది మనది కాదు." కాస్త ఆగి, తన మాటను తానే తేలిక చేసుకుంటూ, "కుర్చీలన్నీ సగమే కదా. అదే కొత్త మోడలని చెప్పు," అంది.

అత్తగారి కళ్ళు చూశాక కోడలు ఇక బలవంతం చేయలేదు. మందుల షాపువాడి టేపు ఆమె కళ్ళ ముందు ఒకసారి ఆడింది. అయినా ఊరుకుంది. సగం మిగిలిన డబ్బాకు మూత బిగించింది. అత్తగారే తాళం వేసింది. తాను వెళ్ళేటప్పుడు ఇంట్లో మేకునుంచి తీసుకున్న రెండో తాళంచెవీ, కోడలి దగ్గరి తాళంచెవీ రెండూ తన దిండు కిందే పెట్టుకుని పడుకుంది. మీరు తెల్లారకముందే వెళ్ళి పై సగం పూసేసినా పూసేస్తారు, మిమ్మల్ని నమ్మను అంది.

పొద్దున ముగ్గురూ కలిసే వెళ్ళారు. అత్తగారు తాళం తీసింది. తలుపు తోసింది.

ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు.

బీరువా పై సగం... పసుపు.

"నువ్వా?" అన్నట్టు కోడలు ఆడపడుచును చూసింది. ఆడపడుచు గుడ్లప్పగించి తల అడ్డంగా ఊపింది. రాత్రంతా వదిన పక్కనే కాళ్ళు మీద వేసి మరీ పడుకున్న మనిషి. అత్తగారు తీసేదాకా తాళం వేసినట్టే ఉంది. కిటికీ గడియ లోపలినుంచి బిగించే ఉంది. డబ్బా మూత పక్కన పెట్టి ఉంది. డబ్బా ఖాళీ.

అత్తగారు మెల్లగా నడిచి వెళ్ళింది. నడుమెత్తున, తన సగం ఆగిన చోట, అరచెయ్యి ఆనించింది. ఈ అంచునుంచి ఆ అంచు దాకా నిమిరింది. వంగి, వెలుగుకు ఏటవాలుగా తల పెట్టి చూసింది.

"గీత లేదు," అంది.

కోడలికి ఒళ్ళు జలదరించింది. గీత లేదంటే, కిందిది ఆరకముందే పైది కలిసింది. కిందిది ఆరకముందంటే... తాము తాళం వేసి వీధి దాటకముందే.

అత్తగారు మాత్రం భయపడలేదు. బీరువాకు ముఖం దగ్గరగా పెట్టి, పక్కింటి మనిషితో గోడ మీదుగా మాట్లాడినట్టు, గుసగుసగా అంది —

"పసుపే వేశావటే..."

పెద్ద నర్సమ్మ అనుకున్న వేళకే వచ్చింది. మనిషి పొడుగు, మాట పొట్టి. సొరుగుల పెట్టెలను కాలితో తోసి, చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూసింది. నిచ్చెన కొక్కేలను లాగి చూసింది. ఎర్ర మేజోళ్ళ కుర్చీలో తానే కూర్చుని, మోకాళ్ళు గడ్డానికి తగిలినా లేవకుండా కాసేపు ఉంది. బల్ల మధ్య గీత చూసి ఏదో అనబోయింది.

"అది ఇటు పెద్ద పిల్లలకూ అటు చిన్న పిల్లలకూ అండి," అని ఆడపడుచు అందుకుంది.

చివరికి బీరువా ముందు నిలబడింది. చాలా సేపు నిలబడింది.

"ఈ రంగు ఎవరు వేశారు?"

కోడలు అత్తగారి వైపు చూసింది.

"నేనూ, నా స్నేహితురాలూ," అంది అత్తగారు.

"ఇద్దరా? ఒకే చెయ్యిలా ఉందే!" పెద్ద నర్సమ్మ తల ఊపింది. "సరే. సాయంత్రం డ్యూటీ పిల్లల్ని ఇవాళ్టినుంచే పంపుతాను. ఆ ట్రాలీ పక్కన కూర్చునే పిల్లను ముందు."

కోడలి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆడపడుచు ఎగిరి గంతేసింది. అత్తగారు మాత్రం బీరువా పక్కనుంచి కదల్లేదు.

పెద్ద నర్సమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అంతా పసుపే కదా. పైన ఆ చివరి తలుపు పిడి ఒక్కటే నీలంగా ఉందేం?"

అది ఆవిడ కంటి ఎత్తున ఉన్న పిడి; మిగతావాళ్ళంతా అతుకునే చూస్తూ తలెత్తలేదు. ఆడపడుచు స్టూలు లాక్కుని ఎక్కింది. పిడిని వేలితో ముట్టుకుని, ఆ వేలు వదిన ముఖం ముందు పెట్టింది.

నీలం. ఇంకా తడి.

గదిలో నీలం డబ్బా లేదు. ఇంట్లో లేదు. కొనలేదు.

అత్తగారు పీట మీద కూలబడి, మోకాళ్ళు చరుచుకుంటూ, కళ్ళనిండా నీళ్ళతో పకపకా నవ్వింది.

"మొండి ముండ! పిడైనా నీలం వేసుకుందిగానీ, మాట వదల్లేదు చూడు!"